బందరు రేవు నుంచి పటమట పూజగది దాకా: మన ఇంటి సువాసనల చరిత్ర



ఉద్యోగ విరమణ తర్వాత మనలో చాలామంది దినచర్యలో కొత్తగా చేరే అంశం, తెల్లవారుజామున ఓ అరగంట కళ్ళు మూసుకుని కూర్చోవడం. కొందరు దాన్ని ధ్యానమంటారు, కొందరు జపమంటారు, కొందరు ప్రార్థన అంటారు. ఏ పేరూ పెట్టకుండా ఊరికే కూర్చునేవారూ ఉన్నారు. ఏ పేరుతో కూర్చున్నా ముందుగా చెయ్యి పోయేది అగరువత్తుల పెట్టె మీదికే. ప్రశాంతతకు సువాసన కావాలి, సువాసన అంటే అగరువత్తి అన్నంతగా ఈ అలవాటు మన ఇళ్ళలో స్థిరపడిపోయింది.

చరిత్ర తిరగేస్తే సంగతి మరోలా కనిపిస్తుంది. మన కృష్ణా తీరంలో సుగంధ ద్రవ్యాలకు దాదాపు రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. ఆ పుస్తకంలో అగరువత్తిది చిట్టచివరి పేజీ. అంతకు ముందున్న పేజీలలో గంధం, పూలు, పన్నీరు, వట్టివేళ్ళు వంటి పొగలేని పరిమళాలకే పెద్దపీట. ఇది కేవలం పాత ముచ్చట కాదు. మన వయసువారి ఊపిరితిత్తులకూ, మన ఒడిలో కూర్చునే మనవల ఊపిరితిత్తులకూ సంబంధించిన విషయం. అందుకే ఈ ప్రత్యేక సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

గంధకుటి

శ్రావస్తిలోని జేతవనంలో గౌతమ బుద్ధుడు నివసించిన గదిని గంధకుటి అన్నారు. భక్తులు తెచ్చి ఉంచిన పూలతో, సుగంధ ద్రవ్యాలతో ఆ గది ఎప్పుడూ పరిమళిస్తూ ఉండేది గనుక ఆ పేరు వచ్చిందని చెబుతారు. తర్వాతి కాలంలో బౌద్ధారామాలలో బుద్ధుడి కోసం ప్రత్యేకించిన గదికి అదే పేరు నిలిచిపోయింది. ధ్యానానికీ సువాసనకూ ముడిపడిన గది అనే ఊహ ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ మాట మన జిల్లాలోనూ రాతి మీద కనిపిస్తుంది. బందరుకు పడమరగా ఉన్న ఘంటసాల ఒకప్పటి ఓడరేవు. క్రీస్తుశకం రెండవ శతాబ్దపు గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలమీ దాన్ని కొంటకొస్సైల అని పేర్కొన్నాడు. అక్కడ దొరికిన ప్రాకృత శాసనాలలో ఒకటి, ఒక గృహస్థు రాతి మండపాన్నీ దానితోపాటు గంధకుటినీ కట్టించినట్టు చెబుతుంది. అమరావతి స్తూపానికి దానాలిచ్చిన వారి శాసనాలలో గంధికుడు, అంటే సుగంధ ద్రవ్యాల వర్తకుడు కూడా ఉన్నాడు. అంటే ఆనాటికే ఈ నది ఒడ్డున పరిమళాలు అమ్ముకుని బతికేవారూ, ఆ సంపాదనలో కొంత ధర్మకార్యానికి ఇచ్చేవారూ ఉన్నారన్నమాట.

మోటుపల్లి సుంకాల పట్టీ

వెయ్యేళ్ళు ముందుకు వద్దాం. నేటి బాపట్ల జిల్లాలో సముద్రపుటొడ్డున మోటుపల్లి అనే చిన్న గ్రామం ఉంది. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. అక్కడి వీరభద్రాలయం దగ్గర కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయ శాసనం సుప్రసిద్ధం. తుఫానుకు ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకువస్తే, అందులోని సరుకంతా పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఇకపై అలా జరగదనీ, నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమనీ చక్రవర్తి వర్తకులకు అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై సుంకం ముప్పయింట ఒక వంతు.

మనకు పనికివచ్చే భాగం ఆ సరుకుల జాబితా. అందులో మంచిగంధం ఉంది, కర్పూరం ఉంది, చీనా కర్పూరం విడిగా ఉంది, పన్నీరు ఉంది, జవ్వాజి ఉంది, కర్పూర తైలం ఉంది. సుంకం లెక్కలు రాసుకునే ఉద్యోగి కర్పూరంలో రకాలను వేరువేరుగా నమోదు చేసుకున్నాడంటే, సరుకు ఎంతగా వచ్చేదో, కొనేవారు ఎంత తేడా తెలిసినవారో ఊహించుకోవచ్చు. ఆఫీసుల్లో రిజిస్టర్లు రాసి వచ్చిన మనకు ఆ పట్టీ చూస్తే ముచ్చట వేస్తుంది.

ఇంకో విశేషం గమనించండి. ఆ పట్టీలోని గంధం రాసుకునేది, పన్నీరు చల్లుకునేది, జవ్వాజి పూసుకునేది. కర్పూరం కూడా హారతి వెలిగించడానికి మాత్రమే కాదు, తాంబూలంలోనూ తీర్థంలోనూ వేసుకునేవారు. కాల్చి పొగ పీల్చవలసిన అవసరం వీటిలో చాలావాటికి లేదు.

కర్పూర వసంతరాయలు

కాకతీయుల తర్వాత, కృష్ణకు ఆవలి ఒడ్డున కొండవీడు రాజధానిగా రెడ్డి రాజులు పాలించారు. 14వ శతాబ్దం చివరిలో ఏలిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలు అని బిరుదు. ఏటా వసంతోత్సవాలు జరిపించి కర్పూరాది సుగంధ ద్రవ్యాలను ధారాళంగా వినియోగించినందువల్ల వచ్చిన బిరుదది. డాక్టర్ సి. నారాయణరెడ్డిగారు ఇదే పేరుతో కావ్యం రాశారు.

ఇంత కర్పూరం ఎక్కడి నుంచి వచ్చేది? సమాధానం శ్రీనాథుడి హరవిలాసంలో దొరుకుతుంది. ఆ కావ్యాన్ని అంకితం తీసుకున్నది రాజు కాదు, అవచి తిప్పయశెట్టి అనే వర్తక ప్రముఖుడు. ఏ దేశం నుంచి ఏ సరుకు తెప్పించేవారో కవి అక్కడ ఏకరువు పెట్టాడు. సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, గోవ నుంచి జవ్వాజి, చీనా నుంచి పట్టు, అలాగే పంజారం నుంచి కర్పూరం. ఈ పంజారం సుమత్రా దీవిలో కర్పూరానికి పేరుపడ్డ ఫన్సూర్ రేవని పండితులు గుర్తించారు. మన తీర్థంలో వేసే పచ్చకర్పూరం పుట్టిల్లు ఆ సుమత్రా, బోర్నియో అడవులే.

బందరు రేవులో దిగిన సాంబ్రాణి

గోల్కొండ సుల్తానుల కాలానికి ఈ వ్యాపారమంతా మచిలీపట్నానికి మారింది. డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లోనే అక్కడ దిగారు, ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. వీరికంటే ముందూ, వీరితోపాటూ మన కోమటి వర్తకులూ, పారశీకులూ, ముస్లిం నావికులూ ఓడలు నడిపారు. ఇక్కడి నుంచి కలంకారీ, ఇతర నూలు బట్టలు వెళ్ళేవి. పర్షియా నుంచి పన్నీరు, సుమత్రా నుంచి సాంబ్రాణి, కర్పూరం, తూర్పు దీవుల నుంచి మంచిగంధం వచ్చేవి.

సాంబ్రాణి పేర్లలోనే దాని ప్రయాణం ఉంది. అరబ్బులు ధూపద్రవ్యాన్ని లుబాన్ అనేవారు. దర్గాలలో వేసే లోబాన్ ఆ మాటే. సుమత్రా నుంచి వచ్చేదాన్ని లుబాన్ జావీ, అంటే జావా ధూపం, అన్నారు. ఆ మాట ఐరోపావారి నోట్లో నలిగి బెంజోయిన్ అయింది. ఒకే రకం చెట్టు బంకతో గుడిలో ధూపం, దర్గాలో లోబాన్ వేశారు. గుణదల మేరీమాత గుడిలోనూ ధూపపాత్ర ఊపుతారు. ధూపానికి మతభేదం లేదని మన బెజవాడ చూస్తే తెలుస్తుంది.

దూరదేశపు సరుకు కొనలేనివారికి మన అడవులే ఆధారం. అందుగు చెట్టు బంక, గుగ్గిలం, మహిసాక్షి వంటివి పచారీ కొట్లలో సులభంగా దొరికేవి. శేషాచలం కొండల్లో మాత్రమే పెరిగే అరుదైన అందుగు జాతి చెట్టు ఒకటుందని వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు. బంక కోసం గాట్లు పెట్టి పెట్టి ఆ చెట్లు తగ్గిపోతున్నాయన్న ఆందోళన కూడా ఉంది.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది. వేలాదిమంది చనిపోయారు. ఆ దెబ్బ నుంచి రేవు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. అదే కాలంలో కృష్ణ ఆనకట్ట, కాలవలు, ఆ తర్వాత రైలు మార్గాలు వచ్చి బెజవాడ పెరిగింది. సముద్రం మీదుగా బందరులో దిగి పడవల్లోనూ బళ్ళమీదా ఎగువకు వచ్చే పరిమళాలు, ఇకపై రైలెక్కి బెజవాడకు వచ్చి దిగువకు పోవడం మొదలైంది. బందరు రోడ్డు మీదున్న మన పటమట ఈ రెండు దశలనూ చూసిన ఊరు. 1985లో నగరంలో కలిసేదాకా పటమట గ్రామ పంచాయతీయే.

పొగలేని పరిమళాలు

ఇంతకీ సామాన్యుల ఇళ్ళలో ఏముండేది? మన అమ్మమ్మల కాలపు ఇల్లు గుర్తు చేసుకోండి. దేవుడి దగ్గర గంధపు సాన, చెక్క. చుక్క నీళ్ళు వేసి నెమ్మదిగా అరగదీస్తుంటే గంధం దిగడానికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలూ మాటా పలుకూ ఉండేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే సగం ధ్యానం అక్కడే అయిపోయేది.

తర్వాత పూలు. వేసవిలో మైలవరం మల్లెలు బెజవాడ బజారును ముంచెత్తుతాయి. సంపెంగ, పొగడ, మరువం, దవనం ఒక్కొక్కదానికీ ఒక్కో కాలం. పొగడపూలు ఎండినా వాసన పోదు గనుక దండ గుచ్చి దాచేవారు. బట్టల పెట్టెలో మొగలిరేకు. కూజా నీళ్ళలో వట్టివేళ్ళ ముడి. వేసవిలో ఆఫీసు కిటికీలకు కట్టిన వట్టివేళ్ళ తడికలు మనలో పెద్దవారికి జ్ఞాపకం ఉండే ఉంటాయి. ప్యూను వాటిమీద నీళ్ళు చల్లగానే గదంతా చల్లబడి, తొలకరి నేల వాసన వచ్చేది. ఫైళ్ళ మధ్య కూర్చున్నా ప్రాణం కుదుటపడేది.

ధూపం లేదని కాదు. దానికొక వేళ ఉండేది. సాయంసంధ్యవేళ కుంపట్లో నిప్పులు తీసి సాంబ్రాణి చల్లి ఇల్లంతా తిప్పేవారు. కాలవలూ వరిచేలూ ఉన్న డెల్టాలో అది దోమల వేళ కూడా. తలంటి పోసుకున్న జుట్టు ఆరబెట్టుకోవడానికి మరోసారి. పొగ పది నిమిషాలు తిరిగి, మండువాలోంచీ పెంకుల సందుల్లోంచీ బయటికి పోయేది. వాసన మిగిలేది.

పూజా విధానంలోని వరుస కూడా ఇదే చెబుతుంది. గంధం, పుష్పం, ధూపం, దీపం, నైవేద్యం. ధూపం కంటే ముందు రెండు ఉపచారాలు పొగలేని పరిమళాలవే. ఈ అయిదింటినీ పంచభూతాలకు సంకేతంగా చెబుతారు. గంధం పృథ్వికి, ధూపం వాయువుకు ప్రతీక.

అగరువత్తి ఎలా వచ్చింది

అగరు అంటే ఈశాన్య భారతంలో పెరిగే ఒక చెట్టు చేవ. దాన్నే అరబ్బులు ఊద్ అన్నారు. మన ఊదువత్తి అనే మాట అక్కడిదే. దానికి గిరాకీ ఎంతగా పెరిగిందంటే, 1995లో ఆ చెట్టును అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో చేర్చవలసి వచ్చింది.

పుల్లకు పూసి అమ్మే అగరువత్తి పరిశ్రమ 20వ శతాబ్దంలో మైసూరు, బెంగుళూరు ప్రాంతాలలో బలపడింది. అక్కడ మంచిగంధం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంతో గంధపు చెక్క ఐరోపాకు పోవడం ఆగిపోగా, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు దివానుగా ఉన్న మైసూరు సంస్థానం 1916లో సొంతంగా గంధపునూనె తీసే ఫ్యాక్టరీ పెట్టింది. 1948లో ఎన్. రంగారావుగారు మైసూరులో మొదలుపెట్టిన సంస్థ సైకిల్ బ్రాండు వత్తులను ఇంటింటికీ చేర్చింది. సాన అక్కరలేదు, నిప్పులు అక్కరలేదు, అగ్గిపుల్ల ఉంటే చాలు. చవక కూడా. తీరికలేని ఉద్యోగస్తుల ఇళ్ళకు అది వరమే అయింది. ఎన్నో వేలమంది ఆడవాళ్ళకు ఇంట్లో కూర్చుని వత్తులు చుట్టే ఉపాధి కూడా దొరికింది.

అయితే పేరులో అగరు మిగిలిందే కాని, మామూలు వత్తిలో అది లేదు. వెదురుపుల్ల, బొగ్గుపొడి, రంపపు పొట్టు, అంటుకోవడానికి జిగట్ అనే బెరడు పొడి, ఇవీ దినుసులు. మన ఏజెన్సీ గిరిజనులు సేకరించే నరమామిడి బెరడు ఈ పనికే వెళుతుంది. తయారైన నల్లవత్తిని రసాయన ద్రావకంలో కలిపిన సెంటులో ముంచుతారు. కర్పూరం కథా అంతే. బిళ్ళ కర్పూరం నేడు ఎక్కువగా పైన్ చెట్ల టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారవుతున్నదే. 2021లో తిరుమల తిరుపతి దేవస్థానం స్వామివారి ఆలయాలలో వాడిన పూలతో ఏడు రకాల అగరువత్తులు చేయించడం మంచి మలుపు. అయినా పూలతో చేసినదైనా, బొగ్గుతో చేసినదైనా కాలితే వచ్చేది పొగే.

ఇల్లు మారింది, ముక్కూ మారింది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పటమటలో పెంకుటిళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. పూజగది అంటే చాలా ఫ్లాట్లలో వంటింటి పక్కన ఒక అలమర. దోమలని కిటికీలకు మెష్, ఎండలని ఏ.సి., దుమ్మని తలుపులు మూసివేత. మండువాలోంచి బయటికి పోయిన పొగకు ఇక్కడ దారి లేదు. అగరువత్తి పొగలో సన్నని ధూళికణాలూ, కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ వంటివీ ఉంటాయని పరిశోధనలు నిర్ధారించాయి. ఆస్తమా ఉన్నవారికీ, గుండె జబ్బు ఉన్నవారికీ, పసిపిల్లలకూ ఇది మంచిది కాదు.

రెండో మార్పు మనలోనే వచ్చింది. అరవై దాటాక వాసన పసిగట్టే శక్తి నెమ్మదిగా తగ్గుతుంది. చూపు తగ్గితే కళ్ళజోడు పెట్టుకుంటాం, వినికిడి తగ్గితే ఇంట్లోవాళ్ళే చెబుతారు. ముక్కు సంగతి మాత్రం మనకూ తెలియదు, చెప్పేవారూ ఉండరు. ఫలితంగా పరిమళం చాలలేదని ఒకటి వెలిగించే చోట మూడు వెలిగిస్తాం. మనకు చాలీచాలని వాసన, పక్కగదిలో చదువుకునే మనవడికి దగ్గు తెప్పిస్తుంది. వాడు మొహమాటానికి చెప్పడు. ప్రశాంతత కోసం కూర్చున్న తాతయ్య చుట్టూ ఇల్లంతా తుమ్ముతూ ఉంటే ఆ ధ్యానానికి ఫలమేమిటి?

ఇంకో ప్రమాదం ఉంది. వంటగ్యాసుకు సహజంగా వాసన ఉండదు. లీకయితే తెలియాలని ఘాటైన వాసనగల రసాయనం కలుపుతారు. ముక్కు మందగించి, ఆపైన గది నిండా సెంటు ధూపం ఉంటే ఆ హెచ్చరిక మనకు అందకపోవచ్చు.

వాసన విలువ ఎంతో 2020, 2021 కోవిడ్ రోజుల్లో చాలామందికి తెలిసివచ్చింది. ముక్కులో వాసనలను గుర్తించే గ్రాహకాల రహస్యాన్ని ఛేదించినందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలకు 2004లో నోబెల్ బహుమతి వచ్చింది. వాసన సంకేతం మెదడులో జ్ఞాపకాలకూ ఉద్వేగాలకూ సంబంధించిన భాగాలకు చాలా దగ్గరి దారిన చేరుతుంది. అందుకే మరువం వాసన ఒక్క క్షణంలో అమ్మను గుర్తుకు తెస్తుంది. మనసు కుదుటపడటానికి అంత చిన్న వాసన చాలు. ఘాటు అక్కరలేదు.

మనం చేయదగినవి

పెద్దల పద్ధతినే ఈనాటి ఇంటికి సరిపోయేలా మార్చుకుంటే సరిపోతుంది.

మొదటిది, కూర్చునే చోటు కిటికీ దగ్గర పెట్టుకోండి. ఇత్తడి గిన్నెలో నీళ్ళు పోసి నాలుగు మల్లెలో, సంపెంగలో వేయండి. పూలు లేని రోజున రెండు మరువం రెమ్మలు చాలు. వేసవిలో వట్టివేళ్ళ ముడిని తడిపి గాలి వచ్చే వైపు వేలాడదీయండి.

రెండవది, ఓపిక ఉన్నవారు మళ్ళీ సాన తీయండి. గంధపు చెక్క ఖరీదైనదే, కాని రోజుకు చిటికెడు గంధానికి చిన్న ముక్క ఏళ్ళ తరబడి వస్తుంది. ఆ అరగదీసే పని మనసును ఒకచోట నిలుపుతుంది.

మూడవది, ధూపం లేనిదే తృప్తి లేదనుకునేవారు ముందు వెలిగించి, కిటికీలు తెరిచి, ఒక్క వత్తి సగం కాలాక ఆర్పి, పొగ పోయిన తర్వాత కూర్చోండి. ప్రాణాయామం చేసేవారు ఇది తప్పక పాటించాలి. దీర్ఘంగా గాలి పీల్చే వేళ ఆ గాలిలో పొగ ఉండకూడదు. నిప్పుల మీద సాంబ్రాణి వేస్తే తలుపులు మూసిన గదిలో అసలు వద్దు. పసిపిల్లలకు సాంబ్రాణి పొగ పట్టే ఆచారం విషయంలో డాక్టరు మాట వినండి.

నాలుగవది, వారానికొకసారి కాఫీపొడి, ఇంగువ, నిమ్మతొక్క వాసన చూసి మీ ముక్కు ఎలా ఉందో మీరే పరీక్షించుకోండి. తేడా తెలిస్తే దాచుకోకుండా డాక్టరుకు చెప్పండి.

అయిదవది, ఇంట్లోవారిని అడగండి. "ఈ వాసన మీకు ఇబ్బందిగా ఉందా?" అని పెద్దవారు అడిగితేనే పిల్లలు నోరు విప్పుతారు.

ఘంటసాల గంధకుటిలో పూలు పరిమళించాయి, మోటుపల్లిలో పన్నీరు దిగింది, బందరులో సాంబ్రాణి దిగింది. ఇంత సంపన్నమైన వారసత్వాన్ని ఒక్క పెట్టెలోని నల్లపుల్లలకు కుదించుకోవలసిన పని మనకు లేదు. సువాసన మిగలాలి, పొగ పోవాలి. మన సభ్యులందరి ఇళ్ళలో తెల్లవారుజాము అలా చల్లగా, స్వచ్ఛంగా, కమ్మగా ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.